తేలని నష్టం
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం కూడుకున్నామో ఆ పేరు ఆహ్వానపత్రికలో ఉంది. శిష్యులం ఆయనను పేరుపెట్టి ప్రస్తావించి ఎరగం. మాస్టారు అనే అన్నాం, ఇప్పుడూ అలాగే అంటాను. రంగుసుద్దలతో చేప శరీరాన్ని నల్లబల్ల మీద గీసి జంతుశాస్త్రం చెప్పిన తరం ఆయనది. చెరువుగట్టుకు తీసుకువెళ్లినప్పుడు మాత్రం, వలలో పడ్డ చేపను తరవాత చూడవచ్చు, ముందు అడుగుమట్టి తీయండి అనేవారు. చేపల మీద ఉపన్యాసం ఇమ్మని పూర్వవిద్యార్థి సంఘం కోరినప్పుడు, ఆ క్రమాన్నే పాటించి మాట్లాడటం ఆయనకు తగిన నివాళి అనిపించింది.

నా ప్రతిపాదన ఇది. మంచినీటిలో చమురు పడినప్పుడు ప్రభుత్వాలు, పత్రికలు, న్యాయస్థానాలు నీటి మీద తేలినదాన్ని లెక్కిస్తాయి. తెట్టు ఎంత మేర పరుచుకుంది, ఎన్ని చేపలు చచ్చి తేలాయి, ఎన్నాళ్లు వేట ఆగింది అని అడుగుతాయి. నష్టంలో పెద్ద భాగం తేలదు. అది ఒండ్రులో దిగుతుంది, గుడ్డులో చేరుతుంది, ఆ ఏడు పుట్టవలసిన తరంలో లోటుగా మిగులుతుంది. పైకి కనబడేదాన్నే కొలిచే ఈ అలవాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. దానికి చరిత్ర ఉంది.

1774లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక లేఖ ప్రచురించాడు. క్లాఫమ్ కామన్ అనే చోట చెరువులో ఒక్క చెంచాడు నూనె పోస్తే, చూస్తుండగానే అది పరుచుకుని సుమారు అర ఎకరం నీటిని అద్దంలా నిలిపిందని అందులో రాశాడు. అలలు ఎందుకు అణగాయన్నదే ఆయన కుతూహలం. శతాబ్దం గడిచాక 1890లో లార్డ్ రేలీ అలాంటి పొర మందాన్ని లెక్కగట్టాడు. మరుసటి ఏడే జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే మహిళ వంటింటి తొట్టిలో తాను చేసిన ప్రయోగాలను ప్రకటించింది. ఆ పొర దాదాపు ఒక అణువు మందమేనని క్రమంగా తేలింది. భౌతికశాస్త్రానికి అది గొప్ప ఘట్టం. ఆ చెరువులో ఉన్న ప్రాణుల సంగతి ఎవరి పరిశీలనలోకీ రాలేదు. నీటి ఉపరితలం శాస్త్రానికి అలా పరిచయమైంది, కింది నీరు ఏమీ లేని చోటు అన్నట్టుగా.

అమెరికాలో ముడిచమురు పరిశ్రమ పుట్టింది కూడా నది ఒడ్డునే. 1859 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. పక్కనే పారే వాగుకు అంతకు ముందునుంచే ఆయిల్ క్రీక్ అన్న పేరుంది. నేలలోంచి ఊరిన చమురు దాని మీద తేలుతూ ఉండేది. రైలుమార్గం అక్కడికి చేరేదాకా పీపాలన్నీ ఆ వాగు మీదనే పోవాలి. వాగు లోతు చాలదు. అందుకని ఎగువ మిల్లుల కట్టలను వంతులవారీగా తెరిచి కృత్రిమంగా వరద సృష్టించి, ఆ ఉరవడి మీద పడవల గుంపును అలెఘనీ నదికి తోసేవారు. పడవలు ఒకదానికొకటి ఢీకొనేవి, పీపాలు పగిలేవి. ఎంత సరుకు పోయిందో వర్తకులు లెక్క వేసుకున్నారు. నీటికి ఎంత చేరిందన్న ప్రశ్న ఆ ఖాతాలో లేదు. అక్కడి చమురు వ్యాపారం తొలి రోజులనుంచే నదిని రోడ్డుగా వాడింది, నదిలోని ప్రాణిని లెక్కలోకి తీసుకోకుండా.

ఇక మూడో ఘట్టం మనకు బాగా దగ్గరది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోమల మీద యుద్ధం ప్రపంచవ్యాప్తమయింది. ఆ యుద్ధంలో ప్రధానాయుధాల్లో ఒకటి కిరోసిన్. అమెరికాలో ఎల్.ఓ. హోవర్డ్ 1892లోనే దాన్ని పరీక్షించి ఉన్నాడు. 1904 తర్వాత పనామా కాలువ తవ్వకంలో డాక్టర్ గోర్గస్ మనుషులు గుంటగుంటకూ చమురు చల్లారు. దోమ పిల్లలు తోకవైపు ఉన్న శ్వాసరంధ్రాలను నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాయి. పైన పొర కడితే ఆ రంధ్రాల్లోకి చమురు దిగి ఊపిరాడక చస్తాయి. ఇవాళ్టికీ మన పురపాలక సిబ్బంది వాడిన ఇంజనాయిల్లో రంపపుపొట్టు నానబెట్టి ఉండలు కట్టి మురుగునీటి గుంటల్లో వేస్తున్నారు. మలేరియా అంతమందిని చంపడం చూసిన దేశం ఆ పద్ధతిని పట్టుకుందంటే తప్పుపట్టలేను. నేను చెప్పదలచినది ఇంతే. ఉపరితలానికి వచ్చి శ్వాసించే ప్రాణిని చమురు పొర చంపుతుందన్న జ్ఞానం వంద ఏళ్లకు పైగా ప్రజారోగ్య విధానంగా మన చేతిలో ఉంది. అదే నీటి మీదికి అదే పని మీద వచ్చే తక్కిన ప్రాణుల జాబితా మాత్రం ఆ విధానంలో లేదు. ఆ జాబితాకు కాసేపట్లో వస్తాను.

1969 జూన్ 22న క్లీవ్‌లాండ్ నగరంలో కయాహోగా నది అంటుకుంది. మంటలు అరగంటలోపే ఆరాయి. ఆ నది అంటుకోవడం అది మొదటిసారేం కాదు, 1868 నుంచీ పలుమార్లు మండింది. అయినా ఆ అరగంట పత్రికల్లోకి ఎక్కి, అమెరికాలో 1972 నాటి జలశుద్ధి చట్టానికి దారితీసిన ప్రజాభిప్రాయంలో భాగమయింది. మంచిదే జరిగింది. కాని గమనించండి, జనాన్ని కదిలించినది మంట. దిగువ కయాహోగాలో చేప బతకడం మానేసి అప్పటికే ఏళ్లు గడిచాయి. అది ఎవరినీ కదిలించలేదు.

చమురు ప్రమాదం అనగానే మన మనసుకు సముద్రమే తడుతుంది. మునిగిన ట్యాంకరు, నల్లబడ్డ తీరం, తడిసిన పక్షి గుర్తుకొస్తాయి. మన దేశంలో చమురు తెట్టు విపత్తుకు 1996 నుంచి ఉన్న జాతీయ ప్రణాళిక తీర రక్షక దళం చేతిలో ఉండటం ఈ దృష్టికి తగినదే. నదిలోనో చెరువులోనో చమురు పడితే కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా యంత్రాంగం, సంబంధిత కంపెనీ తలా కొంత చూసుకోవలసి వస్తుంది. దేశంలో ఉత్పత్తి అయ్యే చేపలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా మంచినీటిదీ లోతట్టు నీటిదీ అయి ఉండగా, అందులోనూ ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉండగా, ఈ అమరిక విచిత్రమైనది.

నదికీ సముద్రానికీ భేదం పరిమాణంలోనే కాదు. సముద్రజలం సాంద్రత ఘనమీటరుకు సుమారు 1025 కిలోలు, మంచినీటిది 1000. ఈ రెంటి మధ్య బరువున్న భారచమురు సముద్రంలో తేలుతుంది, ఏటిలో మునుగుతుంది. నదిలో ఒండ్రు ఎక్కువ. చమురు బొట్టుకు మట్టిరేణువులు అంటుకుంటే తేలికచమురు సైతం అడుగుకు పోతుంది. సముద్రంలో తెట్టును చెదరగొట్టడానికి చల్లే రసాయనాలు ఉప్పునీటి కోసం తయారైనవి, మంచినీటిలో అవి అంతగా పనిచేయవు. చేపకు తప్పుకోవడానికి చోటు లేదు. నది ఒకే వైపు పారుతుంది, చెరువైతే పారనే పారదు. 1988 జనవరి 2న పెన్సిల్వేనియాలో ఫ్లోరెఫ్ దగ్గర పాత ఉక్కుతో తిరిగి కట్టిన డీజిల్ ట్యాంకు తొలిసారి నింపుతుండగా చీలిపోయింది. సుమారు 7,50,000 గ్యాలన్లు మొనాంగహేలా నదిలోకి, అటునుంచి ఒహాయోలోకి పోయాయి. నది మీద వరసగా ఉన్న కట్టలు దాటినప్పుడల్లా డీజిల్ నీటితో కలగలిసి లోపలికి పోయింది. పైన తేలే అడ్డుకట్టలకు అది చిక్కలేదు. సుమారు పదిలక్షల మందికి తాగునీటి ఇబ్బంది ఏర్పడింది.

ఈ విషయాన్ని సంపూర్ణంగా బోధించిన నది మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూ. 2010 జులై 25 సాయంత్రం మార్షల్ అనే ఊరి దగ్గర ఎన్‌బ్రిడ్జ్ సంస్థ గొట్టపుమార్గం 6బి పగిలింది. 30 అంగుళాల గొట్టం, దాని మీద రెండు మీటర్ల చీలిక. కెనడాలోని ఎడ్మంటన్‌లో కూర్చున్న నియంత్రణ సిబ్బంది హెచ్చరికలను గొట్టంలో ఏర్పడ్డ ఖాళీ వల్ల వచ్చినవిగా భావించి రెండుసార్లు పంపింగ్ మొదలుపెట్టారు. బయటపడ్డ చమురులో 81 శాతం ఆ రెండు ప్రయత్నాల్లో వచ్చిందేనని జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. 17 గంటల తర్వాత, అదీ స్థానిక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఫోను చేస్తేగాని, సంగతి తెలియలేదు. మొత్తం 8,43,444 గ్యాలన్లు, అంటే సుమారు 32 లక్షల లీటర్లు. తాల్మజ్ వాగులోంచి కాలమజూలోకి దిగి, వానలకు పొంగి ఉన్న నదితో పాటు మారో సరస్సు దాకా 60 కిలోమీటర్ల మేర పోయింది.

ఆ గొట్టంలోది మామూలు ముడిచమురు కాదు. అల్బర్టా తారు ఇసుకల నుంచి తీసిన బిట్యుమెన్. తారులా చిక్కగా ఉండే దాన్ని గొట్టంలో పారించడానికి తేలిక ద్రావకం కలుపుతారు. నదిలో పడ్డాక ద్రావకం గాలిలోకి పోయింది. ఆ ఆవిరి పీల్చి 300 మందికి పైగా జబ్బుపడ్డారు. మిగిలిన తారు ఒండ్రును పట్టుకుని అడుగుకు చేరింది. అప్పటిదాకా అమెరికా పర్యావరణ సంస్థ దగ్గర ఉన్న పరికరాలన్నీ తేలే చమురును ఒడిసిపట్టేవి. చమురు పోయిన మేరంతా మనుషులు పడవల మీద పోతూ గెడతో అడుగుమట్టిని కదిపి, పైకి రంగుల తెట్టు వస్తోందా అని చూసి, ఎంత వస్తోందో నమోదు చేశారు. నదిని తిరిగి ప్రజలకు చాలా మేర తెరిచింది 2012లో. 2013లో మళ్లీ పూడిక తీయమని సర్కారు ఆదేశించింది. ఖర్చు వందకోట్ల డాలర్లు దాటింది.

ఆ నదిలో చేపలు గుట్టలుగా తేలలేదు. పత్రికలకు ఆ ఫొటో దొరకలేదు. తాబేళ్లు మాత్రం వేల సంఖ్యలో చమురు పూసుకుని దొరికాయి. కొన్నిటిని కడిగి వెంటనే వదిలారు, కొన్నిటిని శీతాకాలమంతా సంరక్షణలో ఉంచి వదిలారు. అలా ఉంచి వదిలినవే ఎక్కువగా బతికాయని తర్వాత పరిశోధకులు గుర్తించారు. కడగడంతోనే తాబేలు పూర్తిగా కోలుకోలేదన్నమాట.

చేప ఎందుకు తేలలేదు? ఈ ప్రశ్నకు జవాబు చేప లోపల ఉంది. పెద్ద చేప కాలేయంలో ఒక ఎంజైము వ్యవస్థ చమురులోని పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే విషాలను విరిచి పైత్యరసంలోకి పంపి విసర్జిస్తుంది. ఆల్చిప్పకు ఆ శక్తి బాగా తక్కువ, అందుకే విషం దాని ఒంట్లో పేరుకుంటుంది. కనుక చేప మాంసాన్ని పరీక్షించి విషం తక్కువగా ఉందని చెప్పడం తినేవాడికి ఊరట. చేప ఆరోగ్యానికి అది సాక్ష్యం కాదు. ఈ తేడాను మన పరీక్షా నివేదికలు తరచూ చెరిపేస్తాయి.

గుడ్డుకు అలాంటి రక్షణ లేదు. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు ఒలికింది. అది సముద్ర ప్రమాదమే. అయినా గులాబి సాల్మన్ గుడ్లు పెట్టేది ఏరు సముద్రంలో కలిసే చోటి గులకరాళ్లలో. ఆ గుడ్ల మరణాలు తెట్టు కనుమరుగైన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఎక్కువగానే కనబడ్డాయి. నీటిలో నూరుకోట్ల పాళ్లకు కొన్ని పాళ్ల పాతబడిన చమురు చాలు, పిండం చెడటానికి. ప్రయోగాల్లో ఆ స్థాయికి గురై బతికి బట్టకట్టిన పిల్లలు కూడా పెద్దవై తిరిగి రావడం తగ్గింది. కెనడాలో వబామన్ సరస్సులో 2005 ఆగస్టు 3న రైలు పట్టాలు తప్పి సుమారు లక్షన్నర లీటర్ల భారచమురు నీటిలో చేరింది. ఆ చలికాలం చమురు తగిలిన చోట్ల పెరిగిన తెల్లచేప పిండాల్లో వైకల్యాలు ఎక్కువగా కనబడ్డాయి.

ఎందుకలా? ఆ జవాబు రావడానికి తోడ్పడిన చేప మన దేశపుదే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద గ్రంథం ప్రచురించాడు. మన బొచ్చె, శీలావతులకు శాస్త్రనామాలు అందులో ఉన్నాయి. చారలు చారలుగా ఉండే వేలెడంత లేని ఒక పరకకు కూడా ఆయన పేరు పెట్టాడు. నేటి ప్రయోగశాలల్లో జీబ్రాఫిష్‌గా ప్రసిద్ధమైనది అదే. దాని పిండం గాజులా కనబడుతుంది, గుండె కొట్టుకోవడం బయటినుంచే చూడవచ్చు. మూడు వలయాల హైడ్రోకార్బన్లు ముందుగా గుండెనే పట్టుకుంటాయని ఆ చేపలోనే కనబడింది. లయ తప్పుతుంది, గుండె చుట్టూ నీరు చేరుతుంది, వెన్ను వంగుతుంది. 2014లో ట్యూనా గుండెకణాల మీద జరిగిన పరిశోధన దీనికి కారణం చూపింది. ముడిచమురు గుండెకణంలో పొటాషియం ద్వారాలను మూసి, కాల్షియం రాకపోకలను చెడగొడుతుంది. అంత తీవ్రంగా తగలని పిల్ల బతుకుతుంది, కాని గుండె ఆకృతి కొంచెం మారి ఈదడంలో వెనకబడుతుంది. వాలుగ నోటికి చిక్కే మొదటి పిల్ల అదే. అది చమురువల్ల చచ్చిందని ఏ రిజిస్టరులోనూ ఉండదు. వీటికి ఎండ తోడైతే కీడు హెచ్చుతుందని కూడా తెలుసు. లోతులేని నీటిలో ఉన్న పారదర్శకమైన పిల్ల ఒంట్లో చేరిన ఈ పదార్థాలు అతినీలలోహిత కాంతి తగిలితే అనేకరెట్లు విషమవుతాయి. మన చెరువులకు లోతు తక్కువ, ఎండ ఎక్కువ.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన జాబితా. 2020 మే 27న అస్సాం తిన్సుకియా జిల్లా బాగ్‌జాన్‌లో ఆయిల్ ఇండియా బావి ఒకటి అదుపు తప్పి ఎగజిమ్మింది. జూన్ 9న అంటుకుంది, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నవంబరు 15న గాని పూర్తిగా ఆరలేదు. వేలమంది సహాయ శిబిరాలకు చేరారు. పక్కనే డిబ్రూ-సైఖోవా జాతీయోద్యానం, మాగురి-మోటాపుంగ్ బీల్. బీల్ అంటే నది పాయ విడిచిపెట్టిన నిలవనీటి మడుగు, ఆ ప్రాంతపు జాలర్లకు అన్నం పెట్టే చోటు. గ్యాసుతోపాటు వచ్చిన కండెన్సేట్ అనే తేలికచమురు వానలా ఆ నీటి మీద, తేయాకు తోటల మీద, ఇళ్ల కప్పుల మీద కురిసింది. చేపలు చచ్చాయి, గంగా డాల్ఫిన్ కళేబరం దొరికింది. డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ పరిశీలనలో నీటిలో హైడ్రోకార్బన్ల విషం నమోదయింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ విశ్రాంత న్యాయమూర్తి కాటకే నాయకత్వంలో సంఘం వేసి, ముందుగా 25 కోట్లు జమచేయమని కంపెనీని ఆదేశించింది.

మే చివర, జూన్ మొదలు అన్న తేదీ చూడండి. తొలకరి నీటికి చేపలు గుడ్లు పెట్టడానికి బీళ్లకు ఎక్కే వేళ అది. పైగా అలాంటి నిలవనీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి అక్కడి చేపలు చాలావరకు గాలి పీల్చేవి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక మొప్పలతో సరిపెట్టుకోలేవు. మాటిమాటికీ పైకి వచ్చి నోటితో గాలి గుటక వేయాలి. అమెరికా, కెనడా నదుల మీద రాసిన పాఠ్యగ్రంథాల్లో చేప చమురు పొర కింద దాక్కుని బతికే వీలుంటుంది. మన బురదమడుగు చేపకు ఆ వీలు లేదు, అది పొరను చీల్చుకుని పైకి రావలసిందే. కొర్రమీను గుడ్లు మరీ దురవస్థ. అవి నీటిమీదనే తేలుతాయి, తల్లిదండ్రులు గూడు చుట్టూ కావలి కాస్తాయి. సరిగ్గా తెట్టు కట్టే చోటే అవి ఉంటాయి. దోమ పిల్లను చంపడానికి మనం కనిపెట్టిన విధానానికి కొర్రమీను పిల్ల కూడా ఎదురుగా నిలబడి ఉంది. ఈ తర్కాన్ని ఎవరైనా చేసి ఉండవచ్చు. మన చమురు ప్రమాద ప్రణాళికల్లో ఈ చేపల పేర్లు ఉండాలన్నది నా వాదన.

మన దగ్గర అలాంటి ప్రమాదం లేదా? 1995 జనవరి 8న కోనసీమ పాశర్లపూడిలో బావి అదుపుతప్పి 65 రోజులు మండింది. అది గ్యాసు కాబట్టి ఆ కాలువలు నల్లబడలేదు. చమురు కూడా దొరికే కృష్ణా-గోదావరి డెల్టాలో బావులు, గొట్టాలు, కాలువలు, చేపల చెరువులు ఒకే నేల మీద కిక్కిరిసి ఉన్నాయి. కొల్లేరు 2002 నుంచి రాంసార్ సరస్సు. ఎగువ పట్టణాల మురుగు అంతా చివరికి చేరేది అందులోకే. పెద్ద ప్రమాదం రావాలనే లేదు. ఉత్తర అమెరికా సముద్రజలాల్లో చేరే చమురులో అత్యధిక భాగం రోడ్ల మీద, ఊళ్లలో కారి వానకు కొట్టుకొచ్చేదేనని 2022లో అక్కడి జాతీయ అకాడమీల నివేదిక చెప్పింది. ఆటోనగర్ల గ్యారేజీల్లో వాడిన ఇంజనాయిలు, చెరువుల మీద నీళ్లు తోడే డీజిలు ఇంజన్ల కింద కారే చుక్క, లారీలు కడిగే కాలువగట్లు ఉన్న ఊరికి ఆ మాట నిరూపించనక్కర లేదు.

చట్టం కొలిచేది తేలినదాన్నే గనక చట్టాన్ని మార్చమని అడగడం సులభం. కాని చట్టానికి సాక్ష్యం కావాలి, సాక్ష్యానికి మునుపటి స్థితి తెలియాలి. కాలమజూలో అడుగున ఉన్న చమురులో ఎంత కంపెనీది, ఎంత దశాబ్దాలుగా నగరాల నుంచి వచ్చి చేరినది అన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. ప్రతి ముడిచమురుకూ దానికే చెందిన రసాయన ముద్ర ఉంటుంది. ఒండ్రులో గాలి చొరని చోట అది చాలాకాలం చెరగదు. ముద్ర ఉంది గాని, ప్రమాదానికి ముందరి మట్టి ఎవరి దగ్గరా నిలవ లేకపోతే పోల్చేందుకు ఏమీ ఉండదు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. డెల్టాలోనూ గొట్టపుమార్గాలు దాటే చెరువుల దగ్గరా ఉన్న జంతుశాస్త్ర విభాగాలు ఏటా తొలకరికి ముందు అడుగుమట్టి తీసి శీతలీకరించి ఉంచాలి. అందులోని ఎర్రపురుగులు, నత్తలు, తూనీగ పిల్లలు ఏ జాతివో, ఎన్నో రాయాలి. చమురు పడ్డ మట్టిలో పురుగుల మొత్తం సంఖ్య తగ్గకపోవచ్చు, తట్టుకునే జాతులే మిగిలి తక్కినవి మాయమవుతాయి. కాబట్టి జాతి గుర్తింపు లేని లెక్క పనికిరాదు. చేపపిల్లల కేంద్రాలు ఎన్ని గుడ్లకు ఎన్ని పిల్లలు వచ్చాయో ఎలాగూ రాసుకుంటాయి, ఆ పుస్తకాలను పారేయకుండా ఉంచితే చాలు.

దీనికి ఖర్చెవరిది అన్న ప్రశ్న వస్తుంది. మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి రెండింటి అధికారులూ ఈ సభలో ఉన్నారు. నా ఉద్దేశంలో మండలిదే. కంపెనీకి అనుమతి ఇచ్చేది, షరతులు పెట్టేది అదే. గొట్టం కింది చెరువు మట్టిని ఎవరి ఖర్చుతో భద్రపరచాలో కూడా ఆ షరతుల్లో చెప్పవచ్చు. ఆ అనుమతిపత్రంలో ఒక్క వాక్యం చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. 1974 నాటి జల చట్టమే చాలు.